కాపలాకు లైసెన్సు ఉంది, దర్యాప్తుకు లేదు: మాజీ సైనికుల రెండో ఉద్యోగం వెనుక చరిత్ర

సైన్యంలో పదిహేను, పదిహేడేళ్లు పనిచేసి బయటకు వచ్చే జవాను వయసు ఎంత ఉంటుంది? చాలామందికి 35 నుంచి 45 మధ్యలో ఉంటుంది. రక్షణ శాఖ చెప్పే లెక్క ప్రకారం త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60,000 మంది ఇలా బయటకు వస్తారు. పెన్షన్ వస్తుంది నిజమే, కానీ పిల్లల ఫీజులు, ఇంటి అప్పు అసలు మొదలయ్యేది ఆ వయసులోనే. అందుకే రెండో ఉద్యోగం తప్పదు. ఆ రెండో ఉద్యోగాన్ని మనం రోజూ చూస్తూనే ఉంటాం. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడే గార్డు, ఏటీఎంలో డబ్బు నింపే బండి వెంట వచ్చే మనిషి, టెక్ పార్కులో డ్యూటీ రిజిస్టర్ చూసే సూపర్‌వైజర్.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. అదే జవాను సైన్యంలో మిలిటరీ పోలీసుగా చేసి, దొంగతనాలు, మోసాలు, క్రమశిక్షణ కేసులు దర్యాప్తు చేసినవాడే అనుకుందాం. బయటకు వచ్చాక ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకోవాలనుకుంటే కేంద్ర చట్టం అతనికి ఏ వెసులుబాటు ఇస్తుంది? ఏదీ ఇవ్వదు. మాజీ సైనికుల మీద చిన్నచూపు ఉండి కాదు. ప్రైవేటు డిటెక్టివ్ పనికి మన దేశంలో ప్రత్యేకమైన లైసెన్సు చట్టమే లేదు. లైసెన్సే లేనప్పుడు లైసెన్సులో రాయితీ ఎక్కడి నుంచి వస్తుంది?

మిత్రులారా, పైకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆధునిక చరిత్ర, రాజ్యాంగం, అంతర్గత భద్రత, సంక్షేమ పథకాలు నాలుగూ ఒకేచోట కలిసే టాపిక్ ఇది. మొదటి నుంచి వరుసగా చూద్దాం.

1. రెండు వృత్తులు, రెండు పుట్టుకలు

ప్రైవేటు కాపలా, ప్రైవేటు దర్యాప్తు ఒకటేనని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే రెండూ వేర్వేరు ఇళ్లలో పుట్టాయి.

ప్రైవేటు దర్యాప్తు నేర ప్రపంచానికీ పోలీసు స్టేషన్‌కూ మధ్యలో పుట్టింది. జైలు శిక్ష అనుభవించి, తర్వాత పారిస్ పోలీసు నేర పరిశోధక విభాగాన్ని నడిపిన యూజీన్ ఫ్రాంస్వా విడోక్ 1833లో పారిస్‌లో సొంత సమాచార సేకరణ కార్యాలయం తెరిచాడు. ప్రపంచంలో తొలి ప్రైవేటు డిటెక్టివ్ సంస్థగా దాన్నే చెబుతారు. స్కాట్లాండ్ నుంచి అమెరికా వలస వెళ్లిన అలన్ పింకర్టన్ 1850 ప్రాంతంలో షికాగోలో తన ఏజెన్సీ పెట్టాడు. అతను అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాధికారి మెక్‌క్లెలన్ కోసం గూఢచర్యం కూడా చేశాడు.

ప్రైవేటు కాపలా కథ వేరు. క్రిమియా యుద్ధం ముగిశాక లండన్‌లో పనిలేక తిరుగుతున్న మాజీ సైనికుల కోసం కెప్టెన్ ఎడ్వర్డ్ వాల్టర్ 1859లో కోర్ ఆఫ్ కమిషనేర్స్ అనే సంస్థను స్థాపించాడు. నమ్మకస్తులైన మాజీ సైనికులను ద్వారపాలకులుగా, ఉత్తరాలు అందించేవారిగా, కాపలాదారులుగా వ్యాపార సంస్థలకు పంపడం దాని పని. గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న మాజీ సైనికుడు అనే బొమ్మ ఇక్కడి నుంచే స్థిరపడింది.

ఈ తేడా గుర్తుంచుకోండి. గేటు దగ్గర సైనికుడిని చూస్తే సమాజానికి ధైర్యం. రహస్యంగా వెంబడించే డిటెక్టివ్‌ను చూస్తే అనుమానం. ఆ అనుమానానికి కారణాలూ ఉన్నాయి. 1892లో పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో సమ్మెను అణచడానికి యాజమాన్యం పింకర్టన్ మనుషులను దింపింది. కార్మికులకూ వారికీ మధ్య కాల్పులు జరిగి రెండు వైపులా ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది, 1893లో, పింకర్టన్ ఏజెన్సీ ఉద్యోగులను ఫెడరల్ ప్రభుత్వం పనిలో పెట్టుకోకూడదని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది.

2. మన దేశంలో: భూమి నుంచి ఉద్యోగానికి

బ్రిటిష్ పాలనలో మాజీ సైనికుడికి ఇచ్చిన పెద్ద బహుమానం భూమి. 1890ల నుంచి పంజాబ్‌లో చీనాబ్ వంటి నదుల నీటితో కాలువ కాలనీలు తయారయ్యాయి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఫైసలాబాద్‌గా ఉన్న లయల్‌పూర్ అలా పుట్టిన పట్టణమే. ఆ కాలనీల్లో సైనిక పెన్షనర్లకు భూములు కేటాయించారు. సైన్యానికి మనుషులను ఇచ్చే పంజాబ్ పల్లెలు ప్రభుత్వానికి విధేయంగా ఉండాలన్నది అసలు లెక్క.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడింది. నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుకు మూలం అదే. మన జిల్లా కేంద్రాల్లో కనిపించే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఈ వరుసలోవే.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధంతో వచ్చింది. 1945 నాటికి భారత సైన్యం సంఖ్య సుమారు 25 లక్షలకు చేరింది. అందులో మన ప్రాంతం వాళ్లూ ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు సైనికులను పంపింది. యుద్ధం ముగిసిపోయాక ఇన్ని లక్షల మందికి పంచడానికి భూమి ఎక్కడుంది? అందుకే 1945 జులైలో ప్రభుత్వం డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ రీసెటిల్‌మెంట్ అండ్ ఎంప్లాయ్‌మెంట్‌ను ఏర్పాటు చేసింది. సైన్యం నుంచి విడుదలైనవారికి, యుద్ధ పనుల్లోంచి తీసేసిన కార్మికులకు పని చూపించడం దాని బాధ్యత. దాని కింద తెరిచిన కార్యాలయాలే మనకు బాగా తెలిసిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీలు.

మన నాన్నల తరం డిగ్రీ చేతికి రాగానే వెళ్లి పేరు నమోదు చేసుకున్న ఆఫీసు నిజానికి సైనికుల కోసం మొదలైంది. 1948 తొలి నెలల్లో దాని తలుపులు అందరికీ తెరిచారు. 1956 నవంబర్ 1 నుంచి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వెళ్లింది. ఖాళీలను తప్పనిసరిగా తెలియజేయాలనే చట్టం 1959లో వచ్చింది. సైనికుడి కోసం కట్టిన వ్యవస్థ చివరికి పౌరులందరికీ ఉపయోగపడిందన్న ఈ ఒక్క ఉదాహరణ మెయిన్స్ జవాబులో బాగా పనికొస్తుంది.

ఆ తర్వాతి అడుగు రిజర్వేషన్. 1979 నిబంధనల కింద కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో ఇది వరుసగా 14.5, 24.5 శాతం. ఇది సమాంతర రిజర్వేషన్. అంటే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్ ప్రతి వర్గం లోపలా అడ్డంగా వర్తిస్తుంది. ఇంద్రా సహానీ తీర్పు, 1992 చదివేటప్పుడు దీన్ని కలిపి చదువుకోండి.

3. ప్రభుత్వ ఉద్యోగం నుంచి ప్రైవేటు గేటుకు: పసారా చట్టం

1991 తర్వాత దృశ్యం మారింది. మాల్స్, ఏటీఎంలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, గేటెడ్ కాలనీలు పెరిగాయి. వాటితోపాటు సెక్యూరిటీ ఏజెన్సీలూ వీధికొకటి వచ్చాయి. ఎవరు గార్డు, ఎవరు నేరచరిత్ర ఉన్నవాడు అనేది చూసే యంత్రాంగం దేశవ్యాప్తంగా లేదు. దానికి జవాబుగా పార్లమెంటు ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 చేసింది. మనం క్లుప్తంగా పసారా అంటాం. ఇది 2006 మార్చి 15న అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం నియమించే నియంత్రణాధికారి.

మాజీ సైనికుడి కోణంలో ఈ చట్టంలో నాలుగు అంశాలు ముఖ్యం.

మొదటిది, సూపర్‌వైజర్లు. సెక్షన్ 9 ప్రకారం సూపర్‌వైజర్‌ను తీసుకునేటప్పుడు సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, కేంద్ర సాయుధ బలగాలు, రాష్ట్ర పోలీసు, హోంగార్డుల్లో కనీసం మూడేళ్లు పనిచేసినవారికి ఏజెన్సీ తప్పనిసరిగా ప్రాధాన్యం ఇవ్వాలి.

రెండోది, గార్డులు. సెక్షన్ 10 ప్రకారం గార్డు నియామకంలో ఇలాంటివారికి ప్రాధాన్యం ఇవ్వవచ్చు. ఇక్కడ తప్పనిసరి కాదు. ఇవ్వాలి, ఇవ్వవచ్చు అనే ఈ చిన్న తేడా మీద ప్రిలిమ్స్‌లో ప్రశ్న రావడానికి అవకాశం ఉంది.

మూడోది, శిక్షణ. 2006 కేంద్ర నమూనా నిబంధనల్లో మామూలు అభ్యర్థికి 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ పెట్టారు. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు దాన్ని 40 గంటలు, 16 గంటలకు కుదించారు. ఇరవై పనిరోజుల కోర్సు వారికి ఏడు పనిరోజుల్లో అయిపోతుంది.

నాలుగోది, లైసెన్సు ఫీజు. ఒక జిల్లాకు 5,000 రూపాయలు, ఐదు జిల్లాల వరకు 10,000, రాష్ట్రం మొత్తానికి 25,000. చట్టంలోని ఈ పట్టికలో మాజీ సైనికులకు తగ్గింపు లేదు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకొకరి దగ్గర పనిచేయడానికి సైనికుడికి వెసులుబాటు ఉంది. సొంతంగా ఏజెన్సీ పెట్టుకోవడానికి చట్టం నేరుగా ఇచ్చిన వెసులుబాటు లేదు. ఆ లోటును రక్షణ శాఖ కిందున్న డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కొంత పూడ్చింది. మాజీ సైనికులు నడిపే సెక్యూరిటీ ఏజెన్సీలను తన జాబితాలో చేర్చి, ప్రభుత్వ రంగ సంస్థలకు సిఫారసు చేస్తుంది. కానీ అది కార్యనిర్వాహక మార్గదర్శకాల మీద నడిచే ఏర్పాటు, చట్టం ఇచ్చిన హక్కు కాదు.

4. దర్యాప్తు దగ్గర ఆగిపోయిన బండి

పసారా చట్టంలో ప్రైవేటు భద్రత అంటే మనిషినో ఆస్తినో కాపాడటం. సాయుధ వాహన సేవ కూడా అందులోకి వస్తుంది. సమాచారం సేకరించడం, ఆచూకీ తీయడం, వెంబడించడం దాని పరిధిలోకి రావు.

ఈ ఖాళీ నింపడానికే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణ బిల్లును 2007 ఆగస్టులో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. కేంద్రంలో ఒక బోర్డు, రాష్ట్రాల్లో బోర్డులు, తప్పనిసరి లైసెన్సు దాని ఆలోచన. బిల్లు హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి వెళ్లింది. 2009లో నివేదిక వచ్చింది. తర్వాత ఏళ్ల తరబడి కదలిక లేదు. రాజ్యసభలో ప్రవేశపెట్టి, లోక్‌సభ ఇంకా ఆమోదించని బిల్లు లోక్‌సభ రద్దయినా మురిగిపోదని ఆర్టికల్ 107(4) చెబుతుంది. అందుకే 2009, 2014 రద్దులను దాటి కూడా అది కాగితం మీద బతికే ఉంది. చివరికి ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

ఈ మధ్యలో పని మాత్రం ఆగలేదు. పెళ్లి సంబంధాల విచారణ, ఉద్యోగంలో చేరేవారి పాత వివరాలు, బీమా క్లెయిములు, వ్యాపార భాగస్వాముల నిజానిజాలు వీటన్నిటికీ డిటెక్టివ్‌లు కావాలి. కంపెనీగానో దుకాణంగానో నమోదు చేసుకుంటే బోర్డు పెట్టేయవచ్చు. దీని ఫలితమూ చూశాం. 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు ఫోన్ కాల్ రికార్డులను అక్రమంగా సంపాదించి అమ్మిన కేసులో ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. అంతకు ముందు ఏడాదే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. హక్కు పెరిగింది. ఆ హక్కును తాకే వృత్తి మాత్రం లైసెన్సు లేకుండానే ఉంది.

నేను చదివింది ఇంజినీరింగ్ కాబట్టి ఆ భాషలో చెప్తాను. రాయితీ అంటే ఫిల్టర్ పక్కన పెట్టే బైపాస్ లైన్. అసలు ఫిల్టరే లేని పైపుకు బైపాస్ అడగడంలో అర్థం లేదు. మిలిటరీ పోలీసులో పదిహేనేళ్లు చేసినవాడికీ, నిన్న సిమ్ కార్డు కొని డిటెక్టివ్ అని ప్రకటన ఇచ్చినవాడికీ ఇవాళ మార్కెట్లో తేడా కనిపించదు. లైసెన్సు లేకపోవడం స్వేచ్ఛలా కనిపిస్తుంది కానీ, అనుభవం ఉన్నవాడికి అది నష్టమే. అతని అనుభవానికి ముద్ర వేసే చోటే లేదు.

5. బయట ఏం జరుగుతోంది?

అమెరికాలో ఈ లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కాలిఫోర్నియాలో ప్రైవేటు ఇన్వెస్టిగేటర్ కావాలంటే సాధారణంగా మూడేళ్లు, అంటే 6,000 గంటల దర్యాప్తు అనుభవం చూపించి పరీక్ష పాస్ కావాలి. మిలిటరీ పోలీసుగా చేసిన దర్యాప్తు పని ఆ అనుభవంలోకి లెక్కకు వస్తుంది. గౌరవప్రదంగా విడుదలైన సైనికుల దరఖాస్తులను త్వరగా పరిశీలించాలనే నియమం అక్కడ 2016 జులై నుంచి అమల్లో ఉంది. గమనించండి, పరీక్ష నుంచీ నేరచరిత్ర తనిఖీ నుంచీ మినహాయింపు లేదు.

బ్రిటన్ కథ మన కథకు దగ్గరగా ఉంటుంది. అక్కడి 2001 ప్రైవేటు భద్రతా పరిశ్రమ చట్టంలో దర్యాప్తు పనినీ చేర్చారు. గార్డుల లైసెన్సు అమలైంది. దర్యాప్తుకు లైసెన్సు పెడతామని 2013లో ప్రభుత్వం ప్రకటించినా అది అమల్లోకి రాలేదు.

మన పొరుగున శ్రీలంక 1998లో, బంగ్లాదేశ్ 2006లో ప్రైవేటు భద్రత మీద చట్టాలు చేశాయి. పాకిస్తాన్‌లో 1954 నాటి ఫౌజీ ఫౌండేషన్ మాజీ సైనికుల సంక్షేమం పేరుతో పెద్ద వ్యాపార సముదాయంగా ఎదిగింది. ఒకే బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ వారసులు: ఒక దేశం సైనికుడి సంక్షేమాన్ని సైన్యపు వ్యాపారంగా మార్చింది, మన దేశం పౌర ప్రభుత్వం ఇచ్చే కోటాగా, ప్రాధాన్యంగా మార్చింది. ప్రజాస్వామ్యం కోణంలో మన దారే మేలు, కానీ అది సగంలో ఆగింది.

6. అగ్నివీర్‌తో ప్రశ్న మారింది

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంతో ఈ చర్చకు తొందర వచ్చింది. నాలుగేళ్ల సేవ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగిలినవారికి సుమారు 11.71 లక్షల సేవానిధి ఇస్తారు, పెన్షన్ లేదు. 2022లో చెప్పిన నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి హోదా కూడా లేదు. తొలి బ్యాచ్‌లకు 2026 చివర, 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఏడేళ్ల లోపు కుర్రాళ్లు, అంటే మన వయసువాళ్లే, మనతోపాటే ఉద్యోగాల వరుసలో నిలబడతారు.

ఇక్కడ చట్టంలోని మాటలు జాగ్రత్తగా చదవాలి. పసారా చట్టం ప్రాధాన్యం ఇవ్వమన్నది సైన్యంలో పనిచేసిన వ్యక్తికి. మాజీ సైనికుడు అనే హోదాను అది అడగలేదు. సూపర్‌వైజర్‌కు కావలసింది మూడేళ్లు, అగ్నివీర్ దగ్గర నాలుగేళ్లు ఉన్నాయి. కాబట్టి చట్టం మాట ప్రకారం అతనికి ప్రాధాన్యం దక్కాలి. శిక్షణ కుదింపు విషయానికి వస్తే, 2006 నమూనా నిబంధనల్లో వాడిన మాట మాజీ సైనికుడు. ఆ హోదా లేని అగ్నివీర్‌కు 56 గంటల కోర్సు చాలా, లేక 160 గంటలూ చేయాలా? ఒక్క పదం మీద ఆధారపడిన ఈ తేడాను రాష్ట్రాలు తమ నిబంధనల్లో స్పష్టం చేయాలి. దీనికి పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని లేదు.

7. వాదన, ప్రతివాదన

దర్యాప్తు లైసెన్సులో సైనికులకు ప్రాధాన్యం ఎందుకని అడిగేవారి మాటలో న్యాయం ఉంది. ఆర్టికల్ 19(1)(జి) కింద వృత్తి స్వేచ్ఛ అందరిదీ. యుద్ధ శిక్షణ వేరు, ఒక కుటుంబపు రహస్యాన్ని చట్టబద్ధంగా, సున్నితంగా విచారించడం వేరు. సైన్యంలో అందరూ దర్యాప్తు చేయరు. వంటవాడిగానో డ్రైవర్‌గానో చేసినవారికి డిటెక్టివ్ అనుభవం ఉందని అనలేం. పైగా పాత పరిచయాలతో ప్రభుత్వ సమాచారం లాగే ప్రమాదమూ ఉంది.

అందుకే రాయితీలను మూడుగా విడదీయాలి. ఒకటి ఫీజు రాయితీ, ఇది కృతజ్ఞత. రెండు వేగంగా పరిశీలన, ఇది సౌకర్యం. మూడు అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవడం, ఇది న్యాయం. మూడోది అందరు సైనికులకూ కాక, నిజంగా దర్యాప్తు, నిఘా విభాగాల్లో చేసినవారికే దక్కాలి. పోలీసు శాఖలో దర్యాప్తు చేసిన కానిస్టేబుల్‌కూ అదే కొలత ఉండాలి. నేరచరిత్ర తనిఖీ, చట్ట పరీక్ష, గోప్యతా నియమాల విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు ఉండకూడదు. వృత్తికి అవసరమైన అర్హతలు నిర్ణయించే అధికారాన్ని ఆర్టికల్ 19(6) రాజ్యానికి ఇప్పటికే ఇచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిన తర్వాత 2007 బిల్లు ఆలోచనను కొత్తగా రాయడానికి పునాది కూడా ఉంది.

1945లో సైనికుడి కోసం పెట్టిన కార్యాలయం మూడేళ్లలో దేశంలోని నిరుద్యోగులందరిదీ అయింది. డిటెక్టివ్ లైసెన్సు విషయంలోనూ అలాగే జరగవచ్చు. సైనికుడి అనుభవాన్ని గుర్తించడానికి ఒక వ్యవస్థ పెడితే, దాని వల్ల మొదట రక్షణ పొందేది తన ఫోన్ రికార్డు ఎవరి చేతిలో ఉందో తెలియని మామూలు పౌరుడు.

మెయిన్స్ ప్రాక్టీస్ ప్రశ్న: మాజీ సైనికుల పునరావాసంలో లైసెన్సు విధానం పాత్రను పసారా చట్టం, 2005 ఆధారంగా విశ్లేషించండి. ప్రైవేటు దర్యాప్తు రంగంలో చట్టం లేకపోవడం మాజీ సైనికుల మీద, పౌరుల గోప్యత మీద చూపే ప్రభావాన్ని చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

జవాబు రాసేటప్పుడు 1945, 1979, 2005, 2007, 2017, 2022 ఈ ఆరు సంవత్సరాలను ఒక గీత మీద పెట్టుకుని మొదలుపెట్టండి. మిగతాదంతా వరుసలో వచ్చేస్తుంది.